హిమేజీ కోట రివ్యూ: రిపేరు పనిని కూడా జనానికి చూపించిన కోట

జపాన్ ట్రిప్‌కి వచ్చే మనవాళ్ళలో చాలామంది ఒసాకా కోట ముందు ఫోటోలు దిగి, కోట చూసేశాం అనుకుని క్యోటో వెళ్ళిపోతారు. ఒసాకా కోట బాగుంటుంది, కాదనను, కానీ ఇప్పుడు మనకి కనిపించే ఆ బిల్డింగు 1931లో కాంక్రీటుతో కట్టింది, లోపల లిఫ్టు కూడా ఉంటుంది. అక్కణ్ణుంచి రైల్లో గంట దూరంలో హిమేజీలో 1609లో కట్టిన చెక్క కోట ఇప్పటికీ నిలబడి ఉంది. జపాన్ మొత్తమ్మీద అసలు పాత టవర్ మిగిలిన కోటలు 12 ఉంటే వాటిల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే. నేను కోబెలో ఉంటాను కాబట్టి ఇంటికి చుట్టాలెవరొచ్చినా ముందు ఇక్కడికే తీసుకెళ్తా. ఈమధ్య మా అత్తయ్యగారు, మావయ్యగారు తెనాలి నుంచి వచ్చారు, వాళ్ళతో వెళ్ళొచ్చాక ఈ రివ్యూ రాయాలనిపించింది, ఎందుకంటే తెలుగులో నేను చూసిన వీడియోలు చెర్రీ పూలు, డ్రోన్ షాట్లు, టికెట్ ఎంత అనే దగ్గరే ఆగిపోతున్నాయి, నాలుగొందల ఏళ్ళ చెక్క కోటని ఇన్నాళ్ళూ ఎలా కాపాడుకొస్తున్నారో చెప్పట్లేదు, నా దృష్టిలో అక్కడ చూడాల్సింది ముందు అదే.

ఐదుకి ఐదు ఇస్తున్నా. ఎందుకో కింద చెప్తా, ఎవరికి కష్టమవుతుందో కూడా చెప్తా.

ముందు టికెట్ గొడవ తేల్చేద్దాం. 2026 మార్చి నుంచి రేటు పెంచారు. హిమేజీ ఊరివాళ్ళకి ఎప్పట్లాగే 1,000 యెన్లు, బయటివాళ్ళకి 2,500, 18 ఏళ్ళ లోపు పిల్లలకి ఎక్కడి వాళ్ళైనా ఫ్రీ. వాట్సాప్ గ్రూపుల్లో ఇది ఫారినర్లకి మాత్రమే పెట్టిన రేటు అని తిరుగుతోంది, అది తప్పు, టోక్యో నుంచి వచ్చిన జపాన్ వాళ్ళు కూడా 2,500 కట్టాల్సిందే, పక్కనే కోబెలో ఉన్న నేనూ కట్టాల్సిందే. కోట మెయింటెనెన్స్ ఖర్చులు బాగా పెరుగుతున్నాయి కాబట్టి పెంచామని ఊరి కార్పొరేషన్ చెప్పింది. నాకైతే ఇది న్యాయమే అనిపించింది. ఆ ఖర్చు దేనికి అవుతుందో లోపలికెళ్ళి చూస్తే అర్థమవుతుంది.

మావయ్యగారు చాలా ఏళ్ళు తాపీ పని చేయించారు, తెనాలి చుట్టుపక్కల ఇళ్ళు కట్టించారు. గేటు దాటగానే అందరూ టవర్ వైపు ఫోన్లు ఎత్తితే ఆయన మాత్రం తల పైకెత్తి చూరు కింద చూస్తూ నిలబడిపోయారు. మామూలుగా చూరు కింద వాసాలు చెక్కగానే కనిపిస్తాయి కదా, ఇక్కడ అట్లా లేదు, ఒక్కో వాసానికి విడివిడిగా సున్నం పూసి, వాసానికీ వాసానికీ మధ్య పల్లం కూడా పూసి, మొత్తం తెల్లటి అలల్లాగా నున్నగా తీర్చారు. ఒక్క చోట చెక్క బయటపడలేదు. "అమ్మాయ్, ఇది పెయింటా సున్నమా?" అన్నారు. సున్నమేనండి మావయ్యగారూ అన్నాను. "అంచులు చూడు, తాపీ ఎక్కడ ఆపి మళ్ళీ మొదలెట్టారో తెలీట్లేదు" అని అక్కడే ఒక పావుగంట.

ఆ పూతని జపాన్‌లో షిక్కుయి అంటారు. సున్నం, గవ్వలూ చిప్పలూ కాల్చిన బూడిద, నార, సముద్రపు నాచు ఉడకబెట్టి తీసిన జిగురు, ఇవీ అందులో కలిపేవి. మనవైపు గుల్ల సున్నం తెలిసినవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. మనవాళ్ళు గానుగ సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసేవాళ్ళు, వీళ్ళు నాచు జిగురు పోస్తారు, నార వేసేది ఆరేటప్పుడు పగుళ్ళు రాకుండా. గోడ లోపల వెదురు తడిక, దానిమీద మట్టి పొరలు పొరలుగా మెత్తి, అది బాగా ఆరాక పైన ఈ సున్నం. ఇదంతా అందం కోసం మొదలెట్టింది కాదు. చెక్క కోటకి అసలు శత్రువు నిప్పు కాబట్టి, నిప్పు బాణం వచ్చి తగిలినా అంటుకోకుండా చూరు కింద వాసాలతో సహా అంతా కప్పేశారు. పైన పెంకుల మధ్య సందుల్లో కూడా గాలికి లేచిపోకుండా, వాన నీళ్ళు దిగకుండా అదే సున్నం పెడతారు, దూరం నుంచి కప్పు కూడా తెల్లగా కనపడేది అందుకే.

ఇక్కడే వస్తుంది అసలు కష్టం. ఈ సున్నం ఎప్పటికీ తెల్లగా ఉండదు, తేమకి బూజు పట్టి నల్లబడుతుంది. 2015లో పెద్ద రిపేరు అయ్యాక కోట తెరిస్తే మరీ ఇంత తెలుపేంటి, పాత కోటలా లేదు అని జపాన్ వాళ్ళలోనే చాలామంది పెదవి విరిచారు. నిజానికి జనం అలవాటుపడిన ఆ బూడిద రంగే బూజు, కట్టినప్పుడు ఉన్నది తెలుపే. ఈసారి బూజు పట్టకుండా పూత కూడా పూశారు కానీ కప్పు మీద ఎండావానా నేరుగా పడుతుంది కదా, ఇప్పుడు వెళ్ళి దగ్గరగా చూస్తే పెంకుల సందుల్లో అక్కడక్కడ నలుపు మొదలైంది. గోడలు మాత్రం ఇంకా మెరుస్తున్నాయి. కాబట్టి తెల్లటి కోట చూడాలనుకునేవాళ్ళు వాయిదా వెయ్యకుండా తొందరగా వెళ్ళండి.

ఆ పెద్ద రిపేరు గురించి కాస్త ఎక్కువే రాస్తా, నాకు ఈ కోట మీద అభిమానం పెరగడానికి కారణం అదే. 2009 అక్టోబర్‌లో పని మొదలెట్టారు, 2015 మార్చి 27న టవర్ మళ్ళీ తెరిచారు. టవర్ చుట్టూ ఇనప ఫ్రేమ్ కట్టి, దానికి పైకప్పు వేసి, ఓ పెద్ద షెడ్డు లాంటి బిల్డింగులో కోట మొత్తాన్ని పెట్టేశారు, ఎందుకంటే పెంకులు దించాక ఒక్క వాన పడినా లోపల నాలుగొందల ఏళ్ళ చెక్క తడిసిపోతుంది. ఆ షెడ్డు పైన కప్పిన గుడ్డ మీద కోట బొమ్మ గీశారు, బయట నుంచి చూసేవాళ్ళు నిరాశపడకుండా. ఇంకా గొప్ప సంగతి, 2011 నుంచి 2014 మొదట్లో దాకా ఆ షెడ్డులోనే లిఫ్టు పెట్టి, అద్దాల గ్యాలరీలు కట్టి, జనాన్ని పైదాకా తీసుకెళ్ళి రిపేరు పని చూపించారు. లక్షల మంది చూశారు. ఎప్పుడూ కింద నుంచే చూసే కోట పైకప్పుని ఎదురుగా నిలబడి చూడటం, మేస్త్రీలు పెంకులు పరచడం, సున్నం పూయడం కళ్ళారా చూడటం అన్నమాట. అప్పుడు నేను జపాన్‌లో లేను, ఆ ఫోటోలు చూసినప్పుడల్లా అయ్యో అనిపిస్తుంది. మామూలుగా రిపేరు అంటే ఏ ఊళ్ళో అయినా చుట్టూ రేకులు కట్టి లోపలికి రావద్దు అంటారు కదా, వీళ్ళు ఆ పనినే చూడాల్సిన వస్తువుగా చేశారు. దానివల్ల కోటకి డబ్బు ఎందుకు అవసరమో ఊళ్ళో చిన్న పిల్లలకి కూడా తెలిసింది.

టవర్ మీద దాదాపు 75,000 పెంకులు ఉంటాయి. ఒక్కొక్కటీ చెక్ చేసి, బాగున్నవి మళ్ళీ వాడి, పాడైనవాటి బదులు కొత్తవి చేయించి పెట్టారు. మొత్తం కొత్తవి వేసేస్తే పని తొందరగా అయ్యేది, కానీ అట్లా చెయ్యలేదు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

దీనికన్నా పెద్ద పని అంతకుముందు 1956 నుంచి 1964 దాకా జరిగింది. అప్పుడు టవర్‌ని పూర్తిగా, అంటే చిట్టచివరి దూలం దాకా విప్పేసి మళ్ళీ కట్టారు. మన వరంగల్ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపం తెలుసు కదా, 2006లో రాళ్ళన్నీ విప్పి 2024లో మళ్ళీ నిలబెట్టి తెరిచారు, అలాంటి పనే, కాకపోతే ఇక్కడ రాయి బదులు చెక్క. ఎందుకు విప్పాల్సి వచ్చిందంటే కోట ఆగ్నేయం వైపు ఒరిగిపోయింది. దీనికో పాత కథ ఉంది, కోట కట్టిన పెద్ద వడ్రంగి తన భార్యని తీసుకొచ్చి చూపిస్తే ఆవిడ బాగుంది కానీ కొంచెం వంగినట్టుందే అందట, ఆయన అవమానం తట్టుకోలేక ఉలి నోట్లో పెట్టుకుని పైనుంచి దూకేశాడట. అది కథే కానీ ఒరగడం నిజం, వడ్రంగి తప్పు మాత్రం కాదు, వేల టన్నుల బరువుకి కింద నేల కుంగింది. అందుకని పాత పునాది రాళ్ళు తీసేసి కింద కాంక్రీటు దిమ్మ వేశారు. ఆ పాత రాళ్ళని పారెయ్యలేదు, కింద మైదానంలో ఏ రాయి ఎక్కడ ఉండేదో అదే వరసలో పేర్చి పెట్టారు. ఎక్కువమంది వాటిని దాటుకుని వెళ్ళిపోతారు, మీరు మాత్రం ఆగి చూడండి, టవర్ కింద పునాది ఎంత మేర ఉండేదో కాళ్ళతో నడిచి తెలుసుకోవచ్చు. పాత కట్టడానికి కాంక్రీటు పెట్టొచ్చా అని మావయ్యగారితో చిన్న వాదన నడిచింది. ఆయన మాట ఏంటంటే, "కనపడే చోట సున్నమే ఉంచారు, గాలి పీల్చాల్సిన గోడకి సిమెంటు పెట్టలేదు, బరువు మొయ్యాల్సిన నేలకి పెట్టారు, నేనైనా అదే చేసేవాణ్ణి." నాకూ అదే సరైంది అనిపించింది.

లోపల రెండు నిట్రాడలు ఉంటాయి, తూర్పుదొకటి పడమరదొకటి, ఒక్కోటి దాదాపు 25 మీటర్ల పొడవు, అడుగు అంతస్తు నుంచి పై అంతస్తు నేల దాకా. టవర్ మొత్తం వాటిని పట్టుకునే నిలబడింది. తూర్పుది పాతదే, మొదలు పుచ్చిపోతే ఆ ముక్క మాత్రం మార్చారు. పడమరది మార్చక తప్పలేదు. అంత పొడవు హినోకి మాను, అంటే జపాన్ సైప్రస్ చెట్టు, దొరకడమే గగనం, మధ్య జపాన్‌లోని కిసో అడవుల్లో ఒకటి దొరికితే అది తెచ్చేటప్పుడు విరిగిపోయింది, చివరికి కిసో మాను ఒకటి, హిమేజీ ఉన్న జిల్లాలోనే కసగత గుడి దగ్గరి మాను ఒకటి తీసుకుని రెండూ అతికి నిలబెట్టారు. మూడో అంతస్తు దగ్గర నిలబడి ఆ స్తంభాన్ని చూడండి. మా అత్తయ్యగారు ఏ కోటకెళ్ళినా నగలు, సింహాసనాలు చూద్దామనుకుంటారు, ఇక్కడ అవేవీ లేవని కాస్త డీలా పడ్డారు, ఈ మాను సంగతి చెప్పాక దాని చుట్టూ తిరిగి చేత్తో కొలవాలని చూశారు. ముందే చెప్తున్నా, టవర్ లోపల సామాను ఏమీ ఉండదు. ఖాళీ హాళ్ళు, దూలాలు, బల్లేలూ తుపాకులూ తగిలించే కొక్కేలు, పైన చిన్న గుడి. మీరు చూడాల్సింది ఆ చెక్కపనే.

ఈ కోట మిగలడం వెనక అదృష్టం కూడా చాలా ఉంది. 1870ల్లో జపాన్‌లో చాలా కోటలు తీసేస్తున్నప్పుడు దీన్ని 23 యెన్ల 50 సెన్లకి వేలంలో అమ్మేశారని, కొన్నాయన పడగొట్టించడానికే బోలెడు ఖర్చవుతుందని వదిలేశాడని చెప్తారు. ఆ తర్వాత 1878లో నకమురా షిగెతో అనే కల్నల్ దీన్ని కాపాడమని పైవాళ్ళకి రాశాడు, లోపల హిషి గేటు దగ్గర ఆయన పేరుతో రాయి ఉంది. 1945లో ఊరంతా బాంబుల్లో కాలిపోయింది, కోట తెల్లగా కనపడకుండా నల్ల వలలు కప్పారు, అయినా ఒక నిప్పు బాంబు పై అంతస్తులో పడింది, అది పేలలేదు. 1995 కోబె భూకంపంలో కూడా పెద్ద దెబ్బ తగల్లేదు. మా ఊళ్ళో ఆ భూకంపం గురించి పెద్దవాళ్ళు చెప్తుంటే విన్నవాళ్ళకి ఈ మాట ఎంత పెద్దదో తెలుస్తుంది.

అదృష్టాన్ని నమ్ముకుని కూర్చోలేదు వీళ్ళు. 1949 జనవరి 26న నారా దగ్గర హొర్యూజీ అనే పాత బౌద్ధ గుడిలో మంటలు లేచి పాత గోడ చిత్రాలు కాలిపోతే మరుసటి ఏడాదే వారసత్వ కట్టడాల రక్షణ చట్టం తెచ్చారు, ఆ తర్వాత జనవరి 26ని దేశమంతా ఇలాంటి చోట్ల ఫైర్ డ్రిల్ చేసే రోజుగా పెట్టుకున్నారు. 2019లో ఒకినావాలో షురి కోట కాలిపోయింది, టీవీలో చూసినవాళ్ళెవరూ మర్చిపోలేరు. హిమేజీలో మీరు తల ఎత్తి చూస్తే దూలాల పక్కన స్ప్రింక్లర్ పైపులు, మూల మూలకీ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు కనిపిస్తాయి. ఫోటోలో అవి పడతాయని విసుక్కునేవాళ్ళని చూశాను, దయచేసి విసుక్కోకండి, అవి లేకపోతే మీరు ఫోటో తీసుకోడానికి కోటే ఉండదు. చెప్పులు విప్పి కవర్లో పెట్టి చేత్తో పట్టుకుని తిరగమంటారు, అది కూడా నేల కోసమే, బూట్ల కింద ఇసుక రేణువులు చెక్కని గీకేస్తాయి. సాక్సులు వేసుకెళ్ళండి, చలికాలంలో నేల ఐసులా ఉంటుంది.

బయట రాతి గోడలు కూడా నిదానంగా చూడండి. కొన్నిచోట్ల పాత సమాధుల రాతి పెట్టెలు, దీపస్తంభాల ముక్కలు గోడలో రాళ్ళుగా కలిపేశారు, అప్పట్లో రాయి దొరక్క. ఒక ముసలావిడ ఇచ్చిందని చెప్పే తిరగలి రాయి కూడా ఒక గోడలో ఉంటుంది, దానికి వల కట్టారు. ఇలాంటి గోడల సందుల్లో మొక్క మొలిస్తే వేరు దిగి రాయిని కదిపేస్తుంది, మన కోటల మీద రావి మొక్కలు చేసే పనే, అందుకని చిన్నగా ఉన్నప్పుడే పీకాలి. హిమేజీలో ఉన్న సైనిక శిబిరం వాళ్ళు తాళ్ళు కట్టుకుని గోడల మీద నుంచి దిగి ఈ గడ్డీ మొక్కా పీకుతారు. పేరుకి చిన్న పనే, కానీ మెషిన్లతో అయ్యేది కాదు.

ఇంకోటి, మేస్త్రీలు. సున్నం పూసేవాళ్ళు, పెంకులు పరిచేవాళ్ళు, పాత పద్ధతిలో చెక్క అతికేవాళ్ళు లేకపోతే ఎంత డబ్బున్నా లాభం లేదు. ఒక పెద్ద రిపేరుకీ ఇంకో దానికీ మధ్య అర్ధ శతాబ్దం గడిచిపోతుంది, చేసినవాళ్ళు ముసలివాళ్ళయ్యే లోపు కుర్రాళ్ళకి నేర్పాలి. జపాన్ చెక్క కట్టడాలని కాపాడే ఇలాంటి 17 రకాల పనితనాలని 2020లో యునెస్కో తన లిస్టులో చేర్చింది. మనకీ ఇలాంటి పని జరగట్లేదని అనుకోవద్దు. గోల్కొండ పక్కన కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆగా ఖాన్ ట్రస్టు వాళ్ళు 2013 నుంచి చేసిన పని చూడండి, వెనకటి రిపేర్లలో పూసిన సిమెంటుని చెక్కి తీసేసి మళ్ళీ సున్నంతో చేయించారు, కూలిపోయిన బడీ బావిని మళ్ళీ కట్టారు. 2024లో పని పూర్తిచేసి ప్రభుత్వానికి అప్పజెప్పారు. సిమెంటు ఎందుకు తీశారంటే అది తేమని బయటకి పోనివ్వదు, లోపలి సున్నం, రాయి ఉబ్బి పొరలు పొరలుగా రాలిపోతాయి. హైదరాబాద్‌లో ఉండి అది చూడనివాళ్ళు ముందు అది చూసి తర్వాత హిమేజీ రండి, రెండూ చూస్తే సున్నం విలువ తెలుస్తుంది.

ఇక కష్టాల సంగతి. టవర్ లోపల మెట్లు దాదాపు నిచ్చెనలే, పైకెళ్ళే కొద్దీ ఇంకా నిటారుగా ఉంటాయి, లిఫ్టు లేదు, పెట్టరు కూడా, పెడితే ఆ చెక్కని కొయ్యాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు టవర్ ఎక్కకపోవడమే మంచిది. మా అత్తయ్యగారు మూడో అంతస్తు దాకా వచ్చి దిగిపోయి, కింద చెట్టు నీడలో కూర్చున్నారు. అట్లాంటివాళ్ళకి పడమటి వైపు నిషినోమారు బాగుంటుంది, పొడవాటి వసారాలాంటి బిల్డింగు, నడవడం తేలిక. ఆగస్టులో ఎండ, జనం రెండూ భరించలేం. చెర్రీ పూల టైములో లోపలికి వెళ్ళడానికే చాలాసేపు లైన్లో నిలబడాలి. నవంబర్ చివర, లేకపోతే జనవరి, ఫిబ్రవరి నాకు నచ్చిన టైము, చలిగా ఉంటుంది కానీ ఆకాశం శుభ్రంగా ఉండి గోడలు బాగా కనిపిస్తాయి. ఉదయం 9కి తెరుస్తారు, ఆ టైముకే గేటు దగ్గర ఉండండి, సాయంత్రం 4 దాటితే లోపలికి పంపరు, డిసెంబర్ 29, 30 సెలవు.

ప్యాకేజీ టూర్లో మాత్రం ఇక్కడికి రావద్దు. మాకు తెలిసినవాళ్ళు ఒక ప్యాకేజీలో వస్తే బస్సువాళ్ళు గంట టైమిచ్చారు, టవర్ దాకా వెళ్ళేసరికే సగం టైము అయిపోయి పరిగెత్తుకుంటూ దిగారు. కనీసం మూడు గంటలు పెట్టుకోండి, చెక్క, సున్నం మీద ఆసక్తి ఉంటే సగం రోజు. స్టేషన్ నుంచి కోట నేరుగా ఎదురుగానే కనిపిస్తుంది, పదిహేను ఇరవై నిమిషాల నడక, ట్యాక్సీ అక్కర్లేదు. తిండికి ఆ దారిలో చాలా షాపులున్నాయి కానీ వెజ్ వాళ్ళు జాగ్రత్త, కూరగాయలది అనుకున్న సూపులో కూడా చేప రసం ఉంటుంది. మేం పులిహోర కట్టుకెళ్ళి కోట బయట పార్కు బెంచీ మీద తిన్నాం, మావయ్యగారు అప్పుడు కూడా చూరు వైపే చూస్తూ, ఆ మూల మడత దగ్గర తాపీ ఎట్లా తిప్పుంటారో చేత్తో గాల్లో చూపిస్తూ చెప్తూనే ఉన్నారు.